వరుస కలపడం

నా పని పేర్లు కలపడం.
డండీ ఊళ్లో, టే నది మీంచి పొగమంచు పాకే వైపు,
మూడో అంతస్తు, ఉత్తరపు కిటికీ,
హీటరు మీద ఆరేసిన చేతితొడుగులు.
నాకిచ్చేవి పేరు, పుట్టినతేదీ, వీధి, పోస్ట్‌కోడ్.
రోగం ఇవ్వరు.
గోడ అవతల ఇన్నిస్‌కి రోగం ఇస్తారు,
పేరు ఇవ్వరు.
మనిషిని నిలువునా చీల్చి
చెరో సగం మా చేతుల్లో పెట్టి
టీ కలిసి తాగండి, పని మాట మాత్రం వద్దన్నారు.
మంచి నియమమే. సంతకం పెట్టాను.

ఇరవై ఏళ్ల షుగరు కాగితాలు.
కంటి ఆసుపత్రివి, పాదాల క్లినిక్కువి, మందుల చీటీలు,
కిడ్నీ వార్డులో అర్ధరాత్రి ఎవరో నిద్రకళ్లతో కొట్టిన అక్షరాలు.
ఒకే మెక్‌ఫర్లేన్ నాలుగు స్పెల్లింగుల్లో.
కవలల్ని ఒకరే అంటుంది యంత్రం,
పెళ్లయి ఇంటిపేరు మారితే ఇద్దరంటుంది.
తేలనివి నా దగ్గరికొస్తాయి.
రోజుకు నూట ఇరవై సందేహాలు,
ఒక బిస్కెట్టు.

ఆ మంగళవారం:
ఆగ్నెస్ రాట్రే, కంటి విభాగం.
సెంగా లామండ్, పాదాల విభాగం.
నవంబరు తొమ్మిది, నలభై ఒకటి, ఇద్దరికీ.
హిల్‌టౌన్‌లో ఒకే మెట్లు, ఒకే తలుపు.
యంత్రం కాదంది.
కవలలేమో అని నేనూ అనుకున్నాను.
అప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది.
జూట్ మిల్లు వీధుల్లో ఆగ్నెస్‌లు మరీ ఎక్కువైపోయి
కొందరి పేరు తిరగేసి పిలిచేవాళ్లు.
ఇంగ్లీషు అక్షరాలు చివర్నించి చదవండి,
ఆగ్నెస్ సెంగా అవుతుంది.
చర్చి రిజిస్టర్లో ఒకటి, మెట్ల మీంచి కేకేస్తే ఒకటి.
కంటి డాక్టరుకి కాగితం మీది పేరు చెప్పింది,
పాదాన్ని ఒళ్లో పెట్టుకున్న నర్సుకి ఇంట్లో పేరు.
పాదం పట్టుకున్నవాళ్ల దగ్గర
ఎవరు మాత్రం బిగుసుకుని కూర్చుంటారు?

రెండు వరుసలు కలిపాను.
వరుస కలిస్తే చుట్టమైపోతారు ఎవరైనా.
ఇక్కడ మాత్రం కలిసిన మరుక్షణం పేర్లు రాలిపోయాయి,
పొడుగాటి అంకె ఒకటి మిగిలి గోడ దాటింది.

పదకొండు రోజులకి
కెటిల్ దగ్గర ఇన్నిస్ చెప్పకూడనిది చెప్పాడు.
"ఒక వరుస ఉన్నట్టుండి అర్థమైంది.
బొబ్బ, చీము, బొటనవేలు, తరువాత సగం పాదం.
పాదాలవాళ్లు ప్రతిసారీ రాశారు:
రోగి రోజూ కాలు చూసుకోవడం లేదు, శ్రద్ధ లేదు.
చూసుకోవడానికి చూపేది?
కంట్లో నెత్తురు చిమ్మి అప్పటికి పద్నాలుగు నెలలు.
అది ఇంకో మనిషి ఫైల్లో ఉండిపోయింది."

నీళ్లు మరిగాయి. కెటిల్ తనంతట తానే ఆగింది.
నేనేమీ అనలేదు.
నాలుక మీద ఒక పేరు తిరగేసి,
మళ్లీ తిరగేసి,
మింగేశాను.

ఇప్పుడతను కంటి తేదీ ముందు, పుండు తేదీ వెనక
వచ్చే వరుసలన్నీ ఏరుతున్నాడు.
నాలుగు వందలు దాటాయి.
"శ్రద్ధ లేదు" ఏ గడిలో పెట్టాలో తెలియక
పక్కన పెట్టాడట.
అద్దం పెట్టి అరికాలు చూసుకోమని
సన్న అచ్చులో ఎందరికి ఉత్తరాలు వెళ్లాయో,
అది ఏ రికార్డులోనూ లేదు.

ఆమె ఉందో లేదో తెలియదు.
చివరి తేదీ గోడ అవతల ఉంది, అడగను.
ఒక సాయంత్రం హిల్‌టౌన్ బస్సెక్కాను, నా దారి కాకపోయినా.
ఆ మెట్లు కనిపించాయి. రెయిలింగుకి తడి కొత్త రంగు.
చుట్టపుచూపుగా వచ్చానంటే
ఏ వరుస చెప్పుకోను?
దిగలేదు.

ఇంటికొచ్చి మేజోళ్లు విప్పి
దీపం దగ్గరికి లాక్కుని
అరికాళ్లు చూసుకున్నాను,
ఎడమది, తరువాత కుడిది,
మళ్లీ ఎడమది.